కొండ దిగేదాకా యాత్రోళ్లమే

నేను ఒక వారపత్రికకి గళ్లనుడికట్టు కూర్చి పంపిస్తుంటాను. మాటల్ని గళ్లల్లో కుక్కి, అవి అడ్డంగా నిలువుగా పారిపోకుండా కాపలా కాయడం నా పని. ఇంట్లో అడ్డంగా పడుకుని, ఎవరైనా వస్తే నిలువుగా లేచి కూర్చుంటాను కాబట్టి ఈ పనికి నేనే తగినదాన్నని మా ఆయన అభిప్రాయం.

మొన్న వేసవికి ముందు ఒక ఆధారం ఇచ్చాను: "తీర్థాలు తిరిగి పుణ్యం మూటగట్టుకునేవాడు." నాలుగక్షరాలు. జవాబు, మీరు ఊహించినట్టే, యాత్రికుడు. ఆ సంచిక వచ్చిన వారానికి డుంబ్రిగుడ నుంచి ఎస్తేరు అనే టీచరు ఫోన్ చేసింది. పత్రికవాళ్ల దగ్గర నా నంబరు తీసుకుందట.

"మేడం, మా నాన్న ఏటా యాత్రకి వెళ్తారు. మూట ఏమీ తేరు. ఒక ఏడాదైతే తీసుకెళ్లిన తువ్వాలు కూడా పారేసుకొచ్చారు. మీ ఆధారం తప్పండి."

తప్పు ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు. "అయితే మీరే చెప్పండి, యాత్రికుడంటే ఎవరు?" అన్నాను.

"చెప్తే అర్థం కాదు మేడం. గుడ్ ఫ్రైడేకి రండి. నడుద్దురు గాని."

ఫోన్ పెట్టేశాక ఆలోచిస్తే ఆ మాట నిజంగానే నా గళ్లకి లొంగేది కాదనిపించింది. పెళ్లికొడుకు గొడుగు పట్టుకుని గుమ్మం దాటితే కాశీయాత్ర. నాయకుడు గొడుగు పట్టించుకుని ఊళ్లు దాటితే పాదయాత్ర. పిల్లల్ని బస్సెక్కించి జంతుప్రదర్శనశాలకి తీసుకెళ్తే విహారయాత్ర. నలుగురు మోస్తే అంతిమయాత్ర. మా కాకినాడలో క్రైస్తవుల సమాధుల మీద "యాత్ర ముగించారు" అని రాసి ఉంటుంది, అంటే అంతవరకూ బతికినదంతా యాత్రే. ఇన్ని రకాలవాళ్లకీ కలిపి ఒక్క పుణ్యం మూటే ఇచ్చాను నేను.

"వంటింట్లోంచి వీధి గుమ్మందాకా వచ్చి ఆయాసపడే మనిషివి, కొండెక్కుతావా?" అన్నారు మా ఆయన. ఆ మాటతో టికెట్టు కొనక తప్పింది కాదు.

రైల్లో

అరకు మీదుగా పోయే కిరండూల్ రైలు సొరంగంలోకి దూరినప్పుడల్లా పెట్టెలో పిల్లలందరూ ఒక్కసారిగా అరుస్తారు. రెండు మూడు సొరంగాల తర్వాత పెద్దలూ మొదలుపెట్టారు. ఆ తర్వాత సొరంగానికి నేనూ అరిచాను. చీకట్లో ఎవరూ గుర్తుపట్టరన్న ధైర్యం.

ఎదుటి సీట్లలో ఒకే రంగు చొక్కాలు తొడుక్కున్న కుర్రాళ్లు, విశాఖపట్నంలో ఏదో ఆఫీసువాళ్లు. "టూరా ఆంటీ?" అన్నాడొకడు.

"కాదు బాబూ, యాత్ర."

"అరకులో గుడేం ఉందండీ?"

నాకూ తెలియదు. జామకాయలు కొని అందరికీ పెట్టి మాట మార్చాను. ఉప్పూ కారం అద్దిన కాయ ఒక్కోటి పది రూపాయలు. మా ఊళ్లో ఆ సైజు కాయకి ఇరవై చెప్పి, ఉప్పు అడిగితే మొహం చిట్లిస్తారు.

డుంబ్రిగుడ సంత

ఎస్తేరు నేను అనుకున్నంత పెద్దది కాదు. ముప్ఫై దాటని పిల్ల, స్కూటీ మీద వచ్చి నా సంచీ లాక్కుని, నన్ను నేరుగా సంతలోకి నడిపించింది. సంతకి వెళ్లకుండా ఇంటికి వెళ్తే వాళ్లమ్మ ఊరుకోదట. ఉప్పు, ఎండుచేప, అగ్గిపెట్టెలు తెమ్మందట.

సంతలో వరసగా చింతపండు ముద్దలు, అల్లం, కొండచీపుళ్లు, ఈనెపుల్లలతో కుట్టిన అడ్డాకు విస్తళ్ల కట్టలు. మిరియాలు సోలతో కొలిచి పోస్తున్నారు. ధర విని నేను రెండు సోలలు కొన్నాను. మళ్లీ వెనక్కి వచ్చి మరో రెండు కొన్నాను. చీపుళ్లమ్మే ముసలమ్మ నా సంచీ, టోపీ, కొత్త బూట్లూ ఎగాదిగా చూసి ఎస్తేరుని అడిగింది:

"ఈయమ్మ ఏటే, టూరిస్టా?"

"కాదే, యాత్రకొచ్చింది."

"ఆ బూట్లతోనా?" అని ముసలమ్మ నవ్వింది. ఆ నవ్వులో ఎంత దూరదృష్టి ఉందో మర్నాడు తెలిసింది.

కాఫీ తోటలున్న ఊళ్లో మంచి కాఫీ తాగుతానని ఆశపడి వచ్చాను. ఎస్తేరు ఇంటి వెనకే కాఫీ మొక్కలు, అరుగు మీద ఆరబోసిన గింజలు. వాళ్లమ్మ గాజుగ్లాసులో టీ ఇచ్చింది. "కాఫీ అమ్ముతాం గానీ తాగమండీ, నిద్దరట్టదు" అంది.

అప్పుడే ఎస్తేరు నాన్న యోహాను పొలం నుంచి వచ్చాడు. సన్నగా, ఎత్తుగా, మెడ చుట్టూ ఎర్ర తువ్వాలు. నేను "యోహాను గారూ, నమస్కారం" అంటే వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరైనా వచ్చారేమోనని. "గారేటమ్మా, బాగోదు. యోహానని పిల్సు."

యాత్రలో ఆయన తోక మనిషి. పేరు విని నేను నవ్వాను గానీ అది గౌరవమైన పని. నడిచేవాళ్లలో అందరికంటే వెనక ఒకడు ఉండాలి. ఎవరు అందరికంటే నెమ్మదిగా నడిస్తే వాళ్ల వెనకే ఉండాలి తప్ప వాళ్లని దాటకూడదు. వాళ్లు కూర్చుంటే కూర్చోవాలి. వాళ్లు ఏ దారిన పోతే ఆ దారినే పోవాలి. ఏటా ఆ పని యోహానుదే.

ఆయన మేకల్ని కట్టడానికి వెళ్లినప్పుడు ఎస్తేరు గొంతు తగ్గించింది.

"మేడం, రేపు రెండు దార్లుంటాయి. ఒకటి గెడ్డ పక్కనుంచి, కొండవాగు వెంట, నీడగా ఉంటుంది, రాళ్లెక్కువ. రెండోది రోడ్డు. మేం ఎప్పుడూ గెడ్డ దారే. రోడ్డు మీద మా అత్త ఊరుంది, గంగమ్మత్త, నాన్నకి సొంత అక్క, మా మాటలో అప్ప. ఆ ఊరివైపు నాన్న వెళ్లరు."

"ఏం?"

"అత్త కూతురి పెళ్లిలో దేవతకిచ్చిన మేక మాంసం వడ్డించారు. నాన్న ముట్టనన్నారు. మేం మతం పుచ్చుకున్న కొత్త రోజులవి. అత్తకి కోపమొచ్చి అందరి ముందూ నాన్న ముందున్న ఆకు లాగేసింది. నాన్న లేచి, 'ఈ గడపలో నీళ్లు కూడా ముట్టను' అనేశారు. ఆ పెళ్లికూతురు గుంటకి ఇప్పుడు బడికెళ్లే పిల్లలున్నారు."

"నువ్వు వెళ్తావా?"

"వెళ్తాను. నాన్నకి తెలుసు. అడగరు. కానీ నేను వెళ్లొచ్చిన రోజు మా అమ్మని అడుగుతారు, 'అక్కడ వానలు పడ్డాయా' అని. రెండు మైళ్ల దూరంలో ఊరు మేడం. అక్కడ పడితే ఇక్కడా పడుతుంది."

ఆ రాత్రి పడుకోబోయే ముందు యాత్ర కట్టుబాట్లు అడిగి తెలుసుకున్నాను. ఉపవాసం, కొండ మీద ప్రార్థన అయ్యేదాకా నీళ్లు తప్ప ఏమీ ముట్టకూడదు. దారిలో ఎవరు నీళ్లిచ్చినా కాదనకూడదు. ఇచ్చినదానికి వంక పెట్టకూడదు. చేదుగా ఉన్నా తియ్యగా ఉందనే అనాలి. "ఇదంతా ఎంతవరకు?" అన్నాను. ఎస్తేరు వాళ్లమ్మ చాప పరుస్తూ జవాబిచ్చింది: "కొండ దిగీదాకా. దిగితే మామూలు మనిసే."

గెడ్డ దారి మొదట్లో

తెల్లారేసరికి యాభై మంది దాకా పోగయ్యారు. ముందు ఒక కుర్ర జంట చెక్క సిలువ పట్టుకుంది. ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. తీర్థం అంటే మా గోదావరి వైపు జీళ్లు, రంగులరాట్నం, తప్పిపోయిన పిల్లలు. ఇక్కడ అవేవీ లేవు. పాదాల చప్పుడు, పాట, మామిడిపూత వాసన.

ఎస్తేరు ముందు వరసలోకి పోయింది. నేను మొదటి ఫర్లాంగు మధ్యలో ఉన్నాను. రెండో ఫర్లాంగుకి వెనక ఉన్నాను. ఆ తర్వాత నా వెనక యోహాను ఒక్కడే ఉన్నాడు.

కొత్త బూట్లు మడమని కొరకడం మొదలుపెట్టాయి. గెడ్డ దారి చీలేచోట రాతి మీద కూర్చుని విప్పి చూస్తే, ఉసిరికాయంత బొబ్బ, చితికిపోయి ఉంది.

"ఓలమ్మో" అన్నాడు యోహాను. "నడవనేరమ్మా. ఎనక్కి ఎల్లిపోదుమా?"

వెనక్కి వెళ్తే మా ఆయన మాట నిజమవుతుంది. ఎదురుగా గెడ్డ దారిలో గుండ్రాళ్లు మెరుస్తున్నాయి. పక్కన రోడ్డు నున్నగా, తారు వాసనతో పోతోంది. నాకు రాత్రి విన్నదంతా గుర్తుంది. ఒట్టు, బొబ్బ మాత్రం నిజం.

"రోడ్డు మీదైతే నడవగలను" అన్నాను.

యోహాను రోడ్డు వైపు చూశాడు. "ఎండ మండిపోద్దమ్మా."

"టోపీ ఉంది."

"దూరమెక్కువ."

"నెమ్మదిగా వెళ్దాం."

ఆయన తువ్వాలు మెడ మీంచి తీసి, దులిపి, మళ్లీ మెడ మీదే వేసుకున్నాడు. కనుచూపు మేరలో మేం తప్ప ఎవరూ లేరు. నన్ను గెడ్డ దారిన లాక్కుపోనూ లేడు, వదిలేసి పోనూ లేడు. తోక మనిషి.

"పద మరి" అన్నాడు చివరికి, నాతో కాదు, రోడ్డుతో.

బూట్లు సంచీలో పడేశాను. ఆయన తన చెప్పులు విప్పి నాకిచ్చాడు. వద్దంటే, "యాత్రలో ఇచ్చింది వద్దనకూడదు" అన్నాడు. నాకు రెండు అంగుళాలు పెద్దవి. ఫట్ ఫట్‌మని చప్పుడు చేసుకుంటూ పోయాను. బాతు యాత్ర.

రోడ్డుకి అడ్డంగా వెదురు గెడ

అది ఇటుకల పండగ వారమని నాకు తెలియదు. కొండల్లో చైత్రమాసపు పండగ అది. మగవాళ్లు వేటకి పోతే, ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా గెడ పెట్టి, పాడుతూ ఆడుతూ, వచ్చేపోయే బళ్లని ఆపి పండగ డబ్బులు అడుగుతారు. మలుపు తిరిగేసరికి పదిహేనుమంది ఆడవాళ్లు, చెంపల మీద రంగులు, చేతుల్లో డప్పు. రోడ్డుకి అడ్డంగా ఒక పొడవాటి వెదురు గెడ.

యోహాను తువ్వాలు తల మీదకి లాక్కుని నా వెనక నిలబడ్డాడు. నేను ఆయనలో సగం ఎత్తు. ఆ దాక్కోవడం ఏనుగు కంది మొక్క వెనక దాక్కున్నట్టుంది.

"టూరిస్టొచ్చింది!" అని అరిచింది ఒక గుంట. డప్పు జోరందుకుంది. "డబ్బులెట్టమ్మా, పండగ డబ్బులు!"

"మేం యాత్ర..." అన్నాను.

"టోపీ ఎట్టుకుని యాత్రేటి? ఆ సంచీలో కెమెరా ఉంటాది, సూడండే!"

నేను పర్సు తీస్తున్నాను. అంతలో ఎవరో నా వెనకనున్న మనిషిని పోల్చారు. డప్పు ఆగిపోయింది. అందరి తలలూ ఒక్కవైపు తిరిగాయి. అక్కడ ఒక మొద్దు మీద పెద్దావిడ కూర్చుని ఉంది. ముక్కుకి రెండు పక్కలా పోగులు, యోహానుదే ఎత్తు, యోహానుదే గడ్డం. ఎవరూ చెప్పక్కర్లేదు.

గంగమ్మ లేచి నిలబడింది. ఉత్త కాళ్ల నుంచి తల మీది తువ్వాలు దాకా చూసింది.

"గెడ ఎత్తండే" అంది. "యాత్రోళ్లని ఆపకూడదు."

గెడ లేచింది. మేం దాటాం. దాటిపోతే అయిపోయేదే. "బాబూ" అని పిలిచింది ఆవిడ వెనకనుంచి. "ఎండన పడొచ్చేరు. నీళ్లు తాగి ఎల్లండి."

రోడ్డు పక్కనే ఉన్న తన ఇంటి ముందు కుండలోంచి నీళ్లు ముంచి, ఆకు దొప్పలో పోసి ముందు నాకిచ్చింది. నేను తాగాను. రెండో దొప్ప యోహాను వైపు చాపింది. ఆయన గడపకి బయటే నిలబడి ఉన్నాడు, ఉత్త కాళ్లతో. 'నీళ్లు కూడా ముట్టను' అన్న గడప అదే. అందరూ చూస్తున్నారు.

ఆయన రెండు చేతులూ చాపి దొప్ప అందుకున్నాడు. చివరి చుక్కదాకా తాగాడు.

"తియ్యగున్నాయమ్మా" అన్నాడు.

"ఏ ఊరు బాబూ మీది?" అంది గంగమ్మ, ఏ దారినపోయేవాణ్ణయినా అడిగినట్టు.

ఆయన తన ఊరు చెప్పాడు. కొండ వాలు మీద అక్కణ్ణుంచి కనిపిస్తూనే ఉంది.

"దూరమే. ఇంటికాడ అందరూ బాగున్నారా?"

"బాగున్నారమ్మా."

"పిల్లలేటి సేత్తన్నారు?"

"ఒక్కర్తే గుంట. టీచరయింది."

"మంచిదే." కుండ మీద మూత పెట్టింది. "అప్పసెల్లెళ్లున్నారేటి నీకు?"

డప్పు పట్టుకున్న పిల్ల దగ్గరకి జరిగింది. నేనూ.

"ఉందమ్మా" అన్నాడు యోహాను. "ఒక అప్ప."

"బాగుందా?"

ఆయన మొదటిసారి తలెత్తి ఆవిణ్ణి తిన్నగా చూశాడు. "తల నెరిసిపోనాది. మరి బాగున్నట్టే అగుపడతంది."

గంగమ్మ ఖాళీ దొప్ప అతని చేతిలోంచి తీసుకుంది. పారెయ్యలేదు. కొంగులో పెట్టుకుంది. "ఎల్లండి బాబూ, బేగి ఎల్లండి. ఎండ ముదురుతాది" అంది.

సిలువ కొండ

కొండెక్కడం గురించి రాయను. నేను ఎక్కాననడం కంటే కొండ నన్ను దించుకోలేక మోసిందనడం న్యాయం. పైన సున్నం కొట్టిన సిలువ, చుట్టూ జీలుగు చెట్లు, కింద లోయంతా మడతలు పెట్టిన ఆకుపచ్చ చీర. ఫాదర్ "ప్రియమైన యాత్రికులారా" అని మొదలుపెట్టాడు. ఆ మాట వినగానే అలవాటుగా నాలుగు గళ్లు లెక్కపెట్టుకున్నాను. మూటలు ఉన్నాయేమోనని చుట్టూ చూశాను. ఒకామె చంకలో పిల్ల ఉంది. ఒకాయన చేతిలో కర్ర. అంతే.

ప్రార్థన తర్వాత రాగి అంబలి పోశారు. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. మా ఊళ్లో అంబలి అంటే డాక్టరు చెప్తేనే తాగేది. ఇక్కడ రెండు గ్లాసులు తాగి మూడోదానికి గ్లాసు పట్టాను.

ఎస్తేరు పరుగున వచ్చింది. మేం రోడ్డున వచ్చామని ఎవరి ఫోన్‌లోంచో అప్పటికే కొండంతా తెలిసిపోయింది. "నాన్నా, నీళ్లు తాగారటగా?"

"యాత్రలో ఇత్తే కాదంటారేటే?" అన్నాడాయన, అంబలి గ్లాసులోకి చూస్తూ.

ఎస్తేరు నా ముందు చతికిలబడింది. నా మడమకి పసుపూ ఆకుపసరూ నూరి కట్టింది. గంటసేపట్లో నొప్పి చల్లారింది. పక్కకి వచ్చి మెల్లిగా అంది: "ఉదయం తాగింది యాత్రోడు మేడం. ఇప్పుడు ప్రార్థన అయిపోయింది, ఉపవాసం అయిపోయింది. దిగితే మా నాన్నే. మళ్లీ గెడ్డ దారే పడతారు."

ఉదయం జరిగినదానికి నేను లోలోపల చంకలు గుద్దుకుంటున్నాను. నిజానికి జరిగింది ఏమిటి? ఇద్దరు కొత్తవాళ్లు మాట్లాడుకున్నారు. యాత్రోళ్లన్న మాట ఒక గొడుగు. ఎండలో అప్పు తెచ్చుకున్నారు, సాయంత్రం తిరిగి ఇచ్చెయ్యాలి.

దిగుదల

దిగుతున్నప్పుడు కూడా నేనే ఆఖరు. నా వెనక యోహాను. కొండ పాదానికి వచ్చాం. ముందు వాళ్లందరూ నవ్వుకుంటూ గెడ్డ వైపు తిరిగారు. సాయంత్రపు నీడ గెడ్డ మీద చల్లగా పరుచుకుంది. యోహాను ఇచ్చిన చెప్పులు నాకు అలవాటయ్యాయి, కాలు హాయిగా ఉంది. గెడ్డ దారిన రెండడుగులు వేశాను కూడా.

"అమ్మా."

వెనక్కి చూశాను. ఆయన చీలిక దగ్గరే నిలబడిపోయాడు.

"కాలు ఇంకా నొప్పే కదేటి?"

"లేదు యోహానూ, ఇప్పుడు..." అని నోరు తెరిచి, ఆయన మొహం చూసి మూసేశాను. "నొప్పే. బాగా నొప్పి."

"మరదే. ఈ రాళ్ల మీద నువ్వేటి నడుత్తావు?" అని ఆయన రోడ్డు వైపు తిరిగి, యాత్ర అంతటిలోనూ మొదటిసారి నాకంటే ముందు నడిచాడు.

నేను కుంటుకుంటూ వెంట పడ్డాను.

రోడ్డు మీద గెడ లేదు. ఆడవాళ్లు ఇళ్లకి పోయారు. ప్రతి ఇంట్లోంచీ పండగ మాంసం ఉడుకుతున్న వాసన. గంగమ్మ ఇంటి అరుగు మీదే కూర్చుని చింతగింజలు తీస్తోంది. మమ్మల్ని చూసి లేవలేదు. నా నడక చూసింది.

"ఏటమ్మా, పొద్దున్న ఎడంకాలు గదా కుంటేవు?"

నేను కుంటుతున్నది కుడికాలు.

"కొండెక్కితే నొప్పి పక్కకి మారతాదప్పా" అన్నాడు యోహాను.

చింతగింజ ఒకటి గంగమ్మ చేతిలోంచి జారి దొర్లింది. అప్పా అన్నాడు. ఆవిడ లేచి లోపలికి పోయింది. చాలాసేపు రాలేదు. యోహాను గడప బయట నిలబడి, గడప లోపల అలికిన నేల వైపు చూస్తూ ఉండిపోయాడు. లోపల్నుంచి కేక వినపడింది: "కాళ్లు కడుక్కుని రాండి. ఎంతసేపు నిలబడతారు?"

లోపల మూడు అడ్డాకు విస్తళ్లు వేసి ఉన్నాయి. సామల అన్నం, చిక్కుడుగింజల పులుసు, కాల్చిన వంకాయ పచ్చడి. ఊరంతా మాంసం వండుకున్న రోజున ఆ ఇంట్లో పొయ్యి మీద మాంసం లేదు. గుడ్ ఫ్రైడే నాడు ఆయన మాంసం ముట్టడని ఆవిడకి ఎవరూ చెప్పి ఉండరు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. గంగమ్మ ఆయన ఆకులో అన్నం పెట్టి, పులుసు పోసి, ఆకు అంచు మీద వేలు అలాగే ఉంచింది, గాలికి లేచిపోతుందేమో అన్నట్టు.

యోహాను ఒక ముద్ద తిన్నాడు. రెండో ముద్ద తిన్నాడు. తల వంచుకునే అన్నాడు:

"ఉప్పు సాల్లేదప్పా."

నేను ఉలిక్కిపడ్డాను. ఇచ్చినదానికి వంక పెట్టకూడదు కదా అని గుర్తుచెయ్యబోయి ఆగాను.

"తింటే తిను, నేకపోతే నెగిసి ఎల్లు" అంది గంగమ్మ. అని, కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుని, ఉప్పు చిప్ప తెచ్చి ఆయన ఆకు పక్కన ఠక్కున పెట్టింది. "సిన్నప్పుడూ ఇంతే. అమ్మ ఏటెట్టినా ఉప్పు సాల్లేదనీవోడు."

ఆయన చిటికెడు ఉప్పు తీసి ఆకు అంచున పెట్టుకున్నాడు గానీ కలుపుకోలేదు.

నేను నా ఆకులో పులుసు కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు సరిగ్గానే ఉంది.